హులా టీచరు దొరికింది

రత్నం,

నా వంకర రాత, తప్పులు నీకు కొత్త కాదు. ఈసారీ ఓర్చుకో.

నువ్వు ఊరెళ్లాక మీ హులా డాన్సు టీచరు కూడా మన పేట పుంగ్గోల్ వదిలి వెళ్లిపోయింది. మన అమ్మాయి తన డాన్సు స్కూలుకు ఇంకొకరి కోసం వెతికింది. వచ్చినవాళ్లంతా వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లే. ఇక ఆ క్లాసు ఎత్తేస్తానంది.

నిన్న హులా పుట్టిన హవాయి నుంచే ఆవిడ ఒకరు వచ్చారు. ఆడే ముందు తన గురువు పేరు, ఆ గురువుకు నేర్పిన గురువు పేరు చెప్పారు. అది వాళ్ల ఆచారమట. "ఈవిడే నాన్నా," అంది అమ్మాయి మెల్లగా.

తరవాత ఆవిడ మీ క్లాసు వాళ్లనూ అడిగారు, మీకు మొదట నేర్పిందెవరని. పక్క ఫ్లాట్ సరోజ లేచింది.

"మా రత్నం అక్క. కింద బెంచీ దగ్గర నేర్పేది. చెయ్యి తప్పితే ఒకటి వేసేది కూడా."

అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం నీ పేరు సరిగ్గా పలకడం నేర్చుకున్నారు.

నువ్వు నేర్పేదానివని నాకెప్పుడూ చెప్పలేదేం? త్వరగా జవాబు రాయి.