పాల ప్యాకెట్‌లో సూది

చెల్లెమ్మా,

నిన్న మా అపార్ట్‌మెంట్ తడి చెత్త వేరు చేస్తుంటే నీ వేలికి గుచ్చుకున్న సూది మూడో అంతస్తు బామ్మగారిది కాదు. నాది.

నాకు షుగరని ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు. పొద్దున్నే అపార్ట్‌మెంట్‌లో అందరిచేతా వ్యాయామం చేయించేవాణ్ణి, ఇన్సులిన్ పొడుచుకుంటున్నానంటే నవ్వుతారని సిగ్గుపడ్డాను. సూదులు వేసే ఎర్ర డబ్బా లిఫ్టు పక్కన, అందరి కళ్లెదుటే ఉంది. "సూదులు చెత్తలో వేయరాదు" అని దాని మీద నోటీసు అంటించిన సెక్రటరీని నేనే. అయినా నా సూదిని ఖాళీ పాల ప్యాకెట్‌లో చుట్టి చెత్తలో పడేశాను.

నువ్వు నెత్తురోడుతున్న వేలు చూపించగానే అందరూ బామ్మగారి వైపు చూశారు, ఇన్సులిన్ వాడేది ఆవిడొక్కరేనని అందరి నమ్మకం. ఆవిడ బిత్తరపోయి, "ఏమోనమ్మా, మతిమరుపుతో నేనే వేశానేమో. ఏమీ అనుకోకు తల్లీ" అన్నారు. పక్కనే ఉన్న నేను, "ఇకనైనా జాగ్రత్తగా ఉండండి" అన్నాను.

సూది ఎవరిదో తెలిస్తే వాళ్ల రక్తం కూడా పరీక్ష చేస్తామని డాక్టరుగారు అన్నారట. ఈ పూటే నీతో ఆస్పత్రికి వస్తాను.

ముందు బామ్మగారి తలుపు తట్టాలి. నిన్నటి నుంచీ ఆవిడ తన సూదులు మళ్లీ మళ్లీ లెక్కపెట్టుకుంటున్నారట.

ఇట్లు,
ఆ నోటీసు రాసినవాడు