ఖరాబైన కాయితాలు

శనివారం, మోర్తాడ్

సంప్రదాయ చిత్రకళ నేర్పే బడి వెతకడానికి మా బాపును వెంటబెట్టుకుని వెళ్తే ఇలాగే అవుతుందని నాకు ముందే తెలియాల్సింది.

నిజామాబాద్‌లో చూసిన మొదటి బడిలో గోడల నిండా తళతళలాడే బొమ్మలు. నేనైతే అక్కడే చేరిపోదామనుకున్నాను. బాపు మాత్రం, "పిల్లలు ఖరాబ్ చేసిన కాయితాలు సూపిస్తరా సారూ?" అని అడిగాడు. అక్కడి సారు నవ్వి, అలాంటివి పారేస్తామన్నారు. నాకు సిగ్గేసింది. బయటికొచ్చి అలిగాను.

"పాలిష్ పట్టినంక పసుపు కొమ్ములన్నీ ఒక్కతీర్గనే మెరుస్తయి బిడ్డా. ఇరిసి సూస్తేనే లోపలి సంగతి ఎర్కయితది," అన్నాడు బాపు. పుట్టినప్పటినుంచీ పసుపు చేలోనే ఉన్న మనిషితో ఏం వాదిస్తాను?

బోధన్ బడికి ఉన్నవి రెండే గదులు. బాపు అక్కడా అదే అడిగాడు. టీచరమ్మ లోపలికెళ్లి ఒక కట్ట తెచ్చి ముందు పెట్టింది. వంకర చేతులు, సొట్ట కుండలు. ప్రతి తప్పు గీత పక్కనా ఆమె ఎర్ర పెన్సిల్‌తో దిద్దిన గీత. బాపు చాప మీద కూర్చుని ఒక్కొక్కటే తిరగేశాడు.

"గీడ చేరు," అన్నాడు.

ఏడాదిదాకా రంగులు ముట్టనివ్వరట, గీతలే గీయాలట. నాకంత ఓపిక ఉందా? పైగా బోధన్‌లో అక్క వాళ్లింట్లో ఉండాలి...

వచ్చేటప్పుడు బస్సులో అడిగాను, "మరి నా బొమ్మలు నువ్వెట్ల చూస్తవు బాపూ?"

"మంచియి ఆళ్లు గోడకు పెట్టుకుంటరు. ఖరాబైనయి నాకు పంపు."