అహోబిలం మెట్ల మీద ఆయాసం

రమణక్కా,

నువ్వు గుండెపోటుతో పోయి నేటికి ఏడాది. ఇంట్లో కాలు నిలవక, పొద్దున్నే ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాలలో గుండె డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. దారంతా మణికట్టు పట్టుకుని నాడి చూసుకుంటూనే ఉన్నాను.

రొమ్ము క్యాన్సరుకు మనిద్దరికీ ఒకే ఆస్పత్రిలో ఛాతీకి కరెంటు పెట్టారు కదా, అదే రేడియేషన్. పదేళ్లయినా జబ్బు తిరిగి రాలేదని, నువ్వు పోయే కొద్దిరోజుల ముందే మొక్కు తీర్చుకోవడానికి అహోబిలం పోయాం. మెట్ల మీద నువ్వు మూడుసార్లు కూలబడ్డావు.

"ఏందక్కా, ఇంతకే ఆయాసమా?" అని నవ్వాను.

"అంత పెద్ద జబ్బే పోయింది. ఇదేం జేస్తాది మే?" అన్నావు.

నేనూ అదే నమ్మాను. ఏటా క్యాన్సరు పరీక్షకు పరుగెత్తేవాళ్లం కానీ, గుండె గురించి ఒక్కసారీ అడగలేదు.

ఇవాళ డాక్టరమ్మ నా గుండెను తెర మీద చూసింది. "కరెంటు పెట్టించుకున్నోళ్లకు ఏండ్ల తర్వాత గుండె దెబ్బతినొచ్చు. నీకు కవాటం కొంచెం మందమైంది. భయం లేదు, ముందే వచ్చినావ్. ఎవరు పంపించినారు?" అంది.

"మా అక్క. ఆమెకూ కరెంటు పెట్టినారు."

"అయితే ఈసారి ఆమెను గూడా తోడుకోని రా. పేరేంది?"

నీ పేరు చెప్పాను. రాసుకుంది.