పెత్రమాస కోసం కొన్న చుట్టలు

బాపూ, నువ్వు చుట్టలు కొనే ఖాదర్ భాయ్ రేపు దుకాణం మూసేస్తున్నాడు. నల్గొండకు ఇక ఆ సరుకు రాదట. అందుకే ఈ ఉత్తరం.

లాక్‌డౌన్‌కు ముందు, “అన్నీ బందైతయట బిడ్డా, జర నాలుగు కట్టలు తెచ్చిపెట్టు” అని అడిగావు. ఊపిరితిత్తుల వైద్యుణ్ని కనుక తేలేదు. నా సలహా మానిపించలేనిది కొరత మానిపిస్తుందనుకున్నాను. పదిరోజులకే నీ గుండె ఆగింది. మూడోనాడు పిట్టకు పెట్టిన ముద్ద పక్కన ఉంచడానికి ఊరంతా వెతికినా ఒక్క చుట్ట దొరకలేదు.

ఏటా చనిపోయిన పెద్దలను తలుచుకునే పెత్రమాసకు నీ పటం ముందు పెట్టేందుకు ఇవాళ మిగిలిన కట్టలన్నీ కొన్నాను.

“మందికి వద్దంటరు, మీరే సంచి నింపుకుంటున్నరా డాక్టర్ సాబ్?” అని ఖాదర్ భాయ్ నవ్వాడు.

“మా బాపుకు,” అన్నాను.

“ఆయన ఉన్నప్పుడు ఒక్కసారన్న కొనకపోతిరి.”

ఆనాడు కాదన్నది నీ ఊపిరి కోసమో, నా మాట నెగ్గడానికో నాకింకా తెలియదు.