మీ డబ్బీ మీద నా పేరు

ఏమండీ,

మీకు దండం పెట్టి రాస్తున్నాను. మీ మోకాలు ఎలా ఉంది? నిచ్చెన ఎక్కడం లేదు కదా? అమ్మాయికి నడుం నొప్పి తగ్గిందా? అల్లుడుగారి దగ్గు ఏమైంది? మందు పూర్తిగా తాగారా, సగం సీసా కిటికీలో పెట్టి మరిచిపోయారా? చంటిదానికి పళ్లొచ్చే రోజులు, ఒళ్లు వెచ్చబడితే చూద్దాంలే అని కూర్చోవద్దని చెప్పండి. రంగు వాసన దాని దగ్గరికి రానివ్వకండి. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అలవాటు కొద్దీ రాసే మాట కాదిది, నిజంగానే బాగున్నాను. అదెలాగో చెప్పడానికే ఇంత కాగితం తీసుకున్నాను.

మీ ఉత్తరానికి ఉత్తరమే రాయాలా, ఫోన్ చేయొచ్చుగా అనకండి. ఫోన్ చేస్తే మీరు స్పీకరు పెట్టి ఇంటిల్లిపాదికీ వినిపిస్తారు. ఇది ముందు మీరొక్కరే చదవాలి.

మీరు అడిగినవాటికి జవాబులు. వంటగదిలో కుళాయి కారడం ఆగింది, వాషరు మార్పించాను. మీ రంగు బ్రష్షులు తడి తగలకుండా గుడ్డలో చుట్టి పెట్టాను. వీధి తలుపు గడియ పడిందా లేదా అని రెండుసార్లే చూస్తున్నాను, మూడోసారి మానేశాను.

ఇక అసలు సంగతి. "నీ పరీక్షలో రక్తం కనపడిందన్నారు కదా, కెమెరా పరీక్షకి ఇంకా ఎందుకు వెళ్లలేదు? భయపడకే పిచ్చిదానా, మత్తిస్తారు, అరగంటలో అయిపోతుంది, నేనొచ్చి పక్కన కూర్చుంటాను" అని రాశారు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో మీరు నాతో అంత మెత్తగా ఎప్పుడు మాట్లాడారు? చదివి వంటగదిలో చతికిలబడి ఏడ్చాను. భయంతో కాదండీ. చేసిన పని లోపల తొలిచేస్తోంది.

ఆరోగ్య కేంద్రంలో యాభై దాటినవాళ్లందరికీ ఇస్తున్నామని నర్సమ్మ మనిద్దరికీ మలం పరీక్షకని చెరో డబ్బీ ఇచ్చింది, గుర్తుందా? ఇంటికి రాగానే మీరు మీది చెత్తబుట్టలో పడేశారు. "నలభై ఏళ్లు నిచ్చెనలెక్కినవాణ్ణి, నా పొట్ట ఇనప్పెట్టె. నొప్పీ గిప్పీ లేనివాడికి పరీక్షేంటే? ఆ పుల్ల పెట్టి గుచ్చేదేంటి, సిగ్గు లేకపోతే సరి!" అన్నారు. నాది మాత్రం బీరువాలో చీరల కింద పెట్టాను. రోజూ పొద్దున తీయడం, మూతైనా విప్పకుండా మళ్లీ పెట్టేయడం. లోపల ఏమున్నా తెలియకపోతేనే నయమనిపించింది. అమ్మాయేమో, ఇచ్చావా ఇచ్చావా అని ప్రాణం తీసేది.

అంతలో మీ మోకాలు వాచి నాలుగు రోజులు మంచం దిగలేదు. మంచం దగ్గర బెడ్‌పాన్ పెట్టి ఎత్తింది నేనే కదా. అప్పుడు పుట్టింది ఆ పాడు బుద్ధి. మీది ఇనప్పెట్టె అయితే మీదే ఇచ్చేస్తే పోలా, ఏమీ లేదని వస్తుంది, అమ్మాయి పోరు వదులుతుంది అనుకున్నాను. పుల్లతో మీది గుచ్చి, నా పేరున్న డబ్బీలో పెట్టి, మూత బిగించి ఇచ్చేశాను.

అవునండీ. ఆ రక్తం నాది కాదు, మీది.

ఇక్కడ ఆగి కాసిని మంచినీళ్లు తాగండి.

ఫలితం వచ్చేసరికి మీరు అమ్మాయి ఇంటికి రంగులేయడానికి వెళ్లిపోయారు. రక్తం కనపడిందన్న మాట వరకే ఫోన్లో చెప్పాను, అది మీదని చెప్పలేక మూడు వారాలు నాన్చాను. మొన్న మీ ఉత్తరం చదివాక ఇక ఉండలేక, నర్సమ్మ దగ్గరికి వెళ్లి అంతా కక్కేశాను. ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది.

"ఏంటమ్మా, ఇదేమన్నా పదో తరగతి పరీక్షా, పక్కవాడిది చూసి రాసుకోవడానికి?" అంది. తర్వాత నా ముఖం చూసి కూర్చోబెట్టింది.

అది మొలల రక్తమైనా కావచ్చట. పేగులో చిన్న పిలకలాంటిది లేచి ఉండొచ్చట. అలాంటిదైతే కెమెరాతో చూస్తూనే కత్తిరించేస్తారట, క్యాన్సరుగా మారకముందే. ఒకవేళ క్యాన్సరే అయినా తొలిరోజుల్లో దొరికితే నయమయ్యేవాళ్లే ఎక్కువట. "నొప్పి వచ్చాక వెతికితే ఆలస్యమమ్మా. ఏ నొప్పీ లేనప్పుడు పట్టుకోవడానికే ఈ డబ్బీ" అంది. మూడుసార్లు అడిగి మూడుసార్లు చెప్పించుకున్నాను. పాపం, విసుక్కోలేదు. లోపలికెళ్లి డాక్టరుగారిని అడిగి వచ్చి, మీకు మళ్లీ డబ్బీ అక్కర్లేదు, సరాసరి కెమెరా పరీక్షే అంది.

నాకు కొత్త డబ్బీ ఇచ్చింది. నిన్న పొద్దున ఇచ్చి వచ్చాను, ఈసారి నాదే. ఇంకా ఏమీ తెలియలేదు. భయం పోలేదు, అయినా ఇచ్చాను.

మీరు కోప్పడండి, పడతాను. తిట్లన్నీ మూటగట్టుకుని రండి, ఇంటికొచ్చాక తీరిగ్గా తిడుదురుగాని. రానని మాత్రం అనకండి. మీ ఒంట్లో సంగతి మీకంటే ముందు తెలిసి, మూడు వారాలు నోరు మూసుకున్నదాన్ని. ఇంకొక్క రోజు కూడా మొయ్యలేను. ఆ మిగిలిన గది గోడలు అలాగే ఉంటే ఇల్లేం కూలిపోదు. పరీక్షకి ముందు రోజు పేగు శుభ్రపడే మందు తాగాలట, అందుకని రెండు రోజులు ముందే రావాలి. అమ్మాయికి మీరే చెప్పండి, నాకు ముఖం చెల్లదు.

కెమెరా పరీక్ష చీటీ మీద ఈసారి మీ పేరే రాయించి, రెండుసార్లు పైకి చదివించుకున్నాను. పదో తారీకు మంగళవారం పొద్దున బండికి రండి, స్టేషన్లో ఉంటాను. పరీక్ష పన్నెండో తారీకు, గురువారం, తొమ్మిది గంటలకి.

ఇట్లు,
మీ తిట్లకి ఎదురుచూస్తూ,
మీ ఇంటావిడ