నిలబడ్డవాళ్లకు పిలుపు లేదు

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: కటి లోపలి నరానికి ఆపరేషను జరిగిన పిమ్మట ముడ్డిపూస నొప్పితో బాధపడుచున్న మా అక్కకు తమరు నిలిపివేసిన ఫిజియోథెరపీని వెంటనే తిరిగి మొదలుపెట్టించుట గురించి, మరియు వెయిటింగు హాల్లోని ఇనుప బల్ల గురించి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. పై విషయంలోని 'ముడ్డిపూస' అన్న మాట చూసి తమ గుమాస్తా గారు ఈ అర్జీని ఒకసారి నా మొహాన కొట్టినారు. "ఆఫీసరు గారు చదివే కాగితంలో ఆ మాటేంటయ్యా? ఆసన భాగం అని రాయి" అన్నారు. ఆసనం అంటే కూర్చునేది. కూర్చునే యోగమే లేని మనిషికి ఆసనం ఎక్కడినుంచి తెచ్చేది? దెబ్బ ఎక్కడ తగిలిందో ఆ చోటి పేరే చెప్పాలని నేను చదివిన ఉద్యమ కరపత్రాలన్నీ ఘోషిస్తున్నవి. కాబట్టి మార్చలేదు.

2. మా అక్క సిటీ బస్సు డ్రైవరు. ఏళ్ల తరబడి స్ప్రింగులు చచ్చిన సీటులో కూర్చుని ఊరంతటినీ మోసింది. మోసినందుకు ఊరిచ్చిన బహుమానం లోపల నరం నలిగిపోవడం. తమ ఆసుపత్రిలోనే కోసి, నరాన్ని విడిపించినారు. అందుకు కృతజ్ఞులము. కానీ నరం వదిలిన మంట ముడ్డిపూసను పట్టుకున్నది. కూర్చుంటే పగిలిన సీసా మీద కూర్చోబెట్టి పైనుంచి ఎవరో భుజాలు తొక్కుతున్నట్టు ఉంటుందని అక్క అంటుంది. నిలబడి తింటుంది. బోర్లా పడుకుంటుంది. తుమ్ము వస్తే గోడ పట్టుకుంటుంది.

లోకంలో మర్యాద అంటే కూర్చోమనడమే కదా. చూడవచ్చిన ప్రతివాళ్లదీ అదే మర్యాద. "నిలబడే ఉన్నావేంటే, కూర్చో. నిలబడి తింటే ఒంటికి పట్టదు" అని మా పిన్ని చెయ్యి పట్టి లాగింది. డిపో మేనేజరు మాత్రం కూర్చోమనలేదు. తను కూర్చుని, "కూర్చోలేని డ్రైవరమ్మా, ఈదలేని చేపా ఒకటే. వచ్చే నెల మొదటికి సీటెక్కావా సరే, లేదంటే ఆ సీటు ఇంకొకళ్లది" అన్నాడు. ఆ రోజు అతని బల్ల మీది పేపరువెయిటు నా చేతికి అందేంత దూరంలోనే ఉన్నదనీ, నేను ముట్టుకోలేదనీ తమరు గమనించవలెను.

3. ఇక తమ ఆసుపత్రిలో ఒక్క మనిషి ఉన్నది. థెరపిస్టు మేడం. అక్క లోపలికి వెళ్లగానే ఆమె తన కుర్చీలోంచి లేచి నిలబడి, "కూర్చుని మాట్లాడుకోవాలని రూలేం లేదుగా. నేనూ నిలబడతా" అన్నదట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి అక్క ఏడ్చింది. కోతకు ఏడవని మనిషి.

మేడం చెప్పినది ఇది: "నొప్పికి భయపడి ఇన్నాళ్లూ లోపల పిడికిలి బిగించి పెట్టుకున్నారమ్మా. నరం బాగుపడింది గానీ, పిడికిలి విప్పడం మీ కండరాలు మర్చిపోయాయి." పక్కకు తిప్పి పడుకోబెట్టి, గ్లవుజు వేసుకున్న వేలితో ముడికట్టిన కండరాన్ని వెతికి, ఊపిరి పొత్తికడుపు దాకా పంపమని, వదిలినప్పుడల్లా ఎముకను కొంచెం కొంచెం కదిలించేది. వెనకవైపు కోసి ఖాళీ వదిలిన దిండు ఒకటి ఇచ్చింది. పిడికిలి బిగించమని నేను ఊరి గోడలన్నిటి మీదా రాసినవాణ్ణి. విప్పడం కూడా ఒక పని అని మొదటిసారి విన్నాను. ఒకనాటి సాయంత్రం అక్క ఆ దిండు మీద కూర్చుని గ్లాసెడు టీ తాగింది. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా తాగుతున్నట్టే కూర్చుంది. మేమెవ్వరం లేవమనలేదు.

4. అట్లుండగా, హాల్లో గోడ మీద 'కూర్చున్నవారు మాత్రమే పిలువబడుదురు' అని బోర్డు కలదు. మొన్నటిదాకా మేడం తనే బయటికొచ్చి అక్కను తీసుకుపోయేది. గొడవ జరిగిన రోజు మేడం బయటికి రాకముందే ఎదురైనవాడు కొత్త వాచ్‌మన్.

"ఏమ్మా, చదువు రాదా? కూర్చో."

"కూర్చోలేను అన్నా. దానికోసమే వచ్చాను."

"అందరూ కూర్చోలేదా? నీ ఒక్కదానికే తోక అడ్డమొచ్చిందా?"

హాలు నవ్వింది. ఆ నవ్వుకు ఉషారెక్కి అతను మా అక్క రెండు భుజాల మీదా చేతులు వేసి, "మర్యాదగా చెప్తున్నా" అంటూ ఇనుప బల్ల మీదికి అదిమినాడు. అప్పుడు అక్క గొంతులోంచి వచ్చినది తమ గదిదాకా వినపడలేదనుకుంటాను. వినపడి ఉంటే ఈ అర్జీ అవసరం ఉండేది కాదు.

తదుపరి నేను హాలు దద్దరిల్లేట్టు అరచుట, నా నుదురు సదరు వాచ్‌మన్ ముక్కుకు తగులుట, సదరు ముక్కు విరుగుట జరిగినది. సదరు బల్ల మేకులతో సహా నేలలోంచి ఊడి వచ్చుట, కిటికీ అద్దం గుండా బయటకు వెళ్లుట జరిగినది. గోడ మీది బోర్డు కూడా కింద పడినది. దాన్ని నేను తొక్కినాను. ఆ ముక్కు నెత్తురు నా చొక్కా మీద ఇంకా ఉన్నది, ఉతకలేదు. వార్డు మనుషులు నన్ను బోర్లా పడేసి బూట్లతో తన్నినారు. అందులో ఒక తన్ను సరిగ్గా నా ముడ్డిపూసకు తగిలినది. కళ్ల ముందు లోకం తెల్లగా అయిపోయింది. మా అక్క రోజంతా మోసేది దీన్నా అనుకున్నాను. ఈ అర్జీ గోడకు ఆనించి, నిలబడి రాస్తున్నాను.

5. నన్ను విడిపించినది అక్కే. విడిపించి, అందరి ముందూ చెంప పగలగొట్టింది. "అద్దం పగిలితే వాళ్లు కొత్తది వేసుకుంటారు. నా వైద్యం ఎవడు అతికిస్తాడురా?" అన్నది. గొడవకు తలుపు తీసుకుని వచ్చిన మేడం నా మీద కేకలు వెయ్యలేదు. "చూడు బాబూ, ఇన్నాళ్ల నుంచి నేను విప్పుకొస్తున్నదాన్ని నీ ఒక్క అరుపు మళ్లీ బిగించేసింది" అని మాత్రం అన్నది. వాచ్‌మన్ అదిమినందుకు కాదా అని అడిగాను. "అందుకూను" అన్నది. ఆ 'అందుకూను' తన్నులకంటే గట్టిగా తగిలింది.

మరుసటి రోజే తమ ఉత్తర్వు: రోగి తమ్ముడు క్షమాపణ రాసి ఇచ్చువరకు రోగికి థెరపీ లేదు. కొట్టినవాణ్ణి నేను, పస్తు అక్కకా? దిండు మూలన పడి ఉన్నది. అక్క మళ్లీ నిలబడి తింటున్నది.

6. కావున డిమాండు చేయునది, అక్క కోరిక మీద ప్రార్థించునది ఏమనగా:

అ) థెరపీ నేడే మొదలుపెట్టించవలెను.

ఆ) నిలబడ్డవాళ్లను కూడా పిలువవలెను.

ఇ) నన్ను పోలీసులకు అప్పగించుకోవచ్చును. లాకప్పులో బల్లలుండవని విన్నాను, నాకు అభ్యంతరం లేదు.

ఈ) పైవి జరగని పక్షంలో హాల్లో మిగిలిన బల్లలను (ఇక్కడినుంచి వాక్యాన్ని అక్క కొట్టివేయించినది).

పై సంగతులన్నీ తమరు తీరిగ్గా, వీలైతే నిలబడి, చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు (ఈ అర్జీ మేరకు మాత్రమే),
బస్సు డ్రైవరమ్మ తమ్ముడు,
వీధిలో అగ్గిపుల్ల అని పిలవబడువాడు

తా.క.: అర్జీ మళ్లీ వెనక్కి వచ్చినది. "అంతా బాగానే ఉంది గానీ, క్షమించమన్న మాట ఏదయ్యా? ఎక్కడో ఒకచోట కనపడితే ముద్ర కొట్టేస్తా" అని గుమాస్తా గారు అన్నారు. ఎవరిని అడగాలో ఉత్తర్వులో ఉందా అన్నాను. తిరగేసి చూసి, లేదన్నారు. అయితే రాస్తున్నాను.

అక్కా, నన్ను క్షమించవే. రేపటినుంచి గేటు బయటే ఉంటాను. ఎవడేమన్నా అరవను. నువ్వు లోపల వదులుగా ఊపిరి తీసుకో.