ఒకేలా వినిపించిన రెండు నంబర్లు

బుధవారం రాత్రి, నారాయణఖేడ్

సెలవు మీద ఇంటికొచ్చినా, విమానాలకు దారి చెప్పే మా కంట్రోల్ రూమ్ ఆలోచనలు నన్ను వదలడం లేదు. మొన్న నేను ఒక విమానాన్ని ఎత్తు తగ్గించి కిందికి రమ్మన్నాను. దాదాపు అదే నంబరున్న ఇంకో విమానం పైలట్ సరేనన్నాడు. నేను గమనించలేదు. రాడార్ తెర మీద ఆ రెండోది దిగడం చూశాకే ఆపాను. దాని కిందే మరో విమానం ఉంది. రిపోర్టు రాస్తానంటే పక్క సీటు రమేశ్, "ఏం కాలే గదా, ఎందుకు పరేషాన్ అయితవ్? ఊకో" అన్నాడు.

పొద్దున కందులు చెరుగుతున్న అమ్మకు చెప్పేశాను. అమ్మ దవాఖానలో నర్సు. చేట కింద పెట్టింది.

"మా వార్డుల ఇద్దరు లక్ష్మిలుండె. ఒకామె సూది ఇంకొకామెకు ఇయ్యబోయి ఆగిన. ఎవ్వలకు చెప్పలే. వారం తిరగకముందే ఇంకో నర్సు గదే తప్పు చేసింది."

"ఆ సూది పడ్డామె బతికిందా?" అని అడిగాను.

"బతికింది. గని నేను అప్పుడే నోరు తెరిస్తే గట్ల అయ్యేది కాదు. ఇగ నువ్వు రాయి బిడ్డా."

సాయంత్రం రాశాను. ఒక విమానం నంబరు మార్చాలని, పైలట్ జవాబు నేను సరిగా వినలేదని కూడా. నా పేరు పెట్టే పంపాను. ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. రేపు ఆ రెండు విమానాలూ మళ్లీ ఒకే వేళకు వస్తాయి. ఆలోపు నా రిపోర్టును ఎవరైనా చదవాలి.